కాశీ లారీకి బ్యాటరీ నీళ్ళు

ప్రొద్దుటూరు,
శుక్రవారం సాయంత్రం.

అమ్మకు, నీ కూతురు కరుణమ్మ నీ పాదాలకు మొక్కి రాసే సంగతులు.

ప్రభువు దయవల్ల నేనూ నీ అల్లుడూ బాగున్నాం. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? మేక ఈనిందా? నేను చిక్కిపోయానని సంతకు వచ్చినవాళ్ళెవరో నీకు చెప్పారట. అది అబద్ధం. వేళకు తింటున్నాను, వేళకు పడుకుంటున్నాను. దిగులు పడవద్దు.

ఎండలు ఇక్కడ మన ఊరికంటే ఎక్కువ. మా షెడ్డు మీద రేకులు కదా, మధ్యాహ్నానికి ఇనుప సామాను ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. సంగటికి రాగిపిండి దొరుకుతుంది గానీ నువ్వు నూరే ఊరిమిండి పచ్చడి రుచి నాకు కుదరడం లేదు. పగలంతా పని ఉంటుంది కాబట్టి సరే. ఆదివారం ప్రార్థన నుంచి వచ్చాక మాత్రం ఇల్లు బోసిగా ఉంటుంది. అప్పుడు పక్కింటి ఖాసింబీ వచ్చి కూర్చుంటుంది. ఆమె భర్త గిన్నెలకు కళాయి పూస్తాడు. ఆమె ఉర్దూ నాకు సగమే అర్థమవుతుంది, అయినా మనిషి తోడు తోడే. నేను బాగానే ఉన్నానమ్మా.

మార్తమ్మ వదినా, అమ్మకు చదివిపెట్టేది నువ్వే కదా. ఇక్కడి నుంచి తలుపు వేసి, మెల్లగా చదువు.

నెల కింద మా షెడ్డుకు ఒక పాత మిలిటరీ లారీ వచ్చింది. దాని వెనక వడ్రంగులు టేకు పలకలతో ఒక గది కట్టి ఉన్నారు. రెండు మంచాలు, వంటకు ఒక మూల, దేవుని పటాలకు ఒక గూడు, కిటికీలకు తెరలు. దాంట్లో దీపాలు, ఫ్యాను, రేడియో పెట్టి, కరెంటు లేని చోట ఆగినా అన్నీ నడిచేట్టు చేయాలని మాకు అప్పజెప్పారు. ఎవరిదో తెలుసా? మన ఊరి పెద్దింటి నాగన్నది. ముసలి తల్లిని కాశీకి తీసుకుపోతున్నాడు. రైలులో ఎవరెవరో తగులుతారని ఆమె ఎక్కనన్నదట. అందుకని సొంత లారీ, సొంత వంట, సొంత నీళ్ళు.

ఆయన నన్ను చూశాడు, గుర్తుపట్టలేదు. బావి దగ్గర ఆయన మన కడవలను చూసి ఉంటాడు గానీ మొహాలు చూసి ఉండడు.

నేను మరిచిపోలేదమ్మా. నాకప్పుడు పదేళ్ళు. నాయన జ్వరంతో నీళ్ళు నీళ్ళు అని కలవరిస్తుంటే, నువ్వూ నేనూ కడవలు పట్టుకొని నాగన్న బావి గట్టు కింద పొద్దుటి నుంచి నిలబడ్డాం. మనం తోడుకోరాదు, ఎవరైనా తోడి పోయాలి. ఎద్దులు లాగే కపిల ఆడుతూనే ఉంది, కాలువ నిండా నీళ్ళు చీనీపండ్ల తోటకు పోతూనే ఉన్నాయి. నువ్వు దండం పెట్టి అడిగితే గట్టు మీద కూర్చొని ఆయన అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "చెట్లు తాగనీమే, తరువాత మీరు." పొద్దు నడినెత్తికి వచ్చాక కడవతో ఇంటికి పోయాం. నాయన నోట్లో పోసిన నీళ్ళు పక్కకు కారిపోయాయి.

ఆ మనిషి లారీ నా చేతిలోకి వచ్చింది. ఆయనను కూడా ఒక్క పూటైనా అట్లా నీళ్ళకోసం నిలబెట్టకపోతే నేను యోసేపు కూతురినే కాననుకున్నాను. నా మొహం చూసి నీ అల్లుడికి సంగతి తెలిసిపోయింది.

"చూడుమే, పనిలో మాత్రం ఏం చెడ్డ చేయొద్దు. మీ అమ్మ ఆ ఊర్లోనే ఉండాదని మరువొద్దు," అన్నాడు.

పనిలో చెడ్డ చేయలేదు. నీ అల్లుడికి మిలిటరీలో నేర్చిన చేతిపని వచ్చు గానీ అక్షరం రాదు. ఇంగ్లీషు పుస్తకం నేను చదివి, ఏ వైరు ఎటు పోవాలో పలక మీద గీసి ఇస్తాను. ఇంజను తిరిగేటప్పుడు డైనమో బ్యాటరీలను నింపుతుంది, లారీ ఆగాక ఆ బ్యాటరీలతోనే దీపాలు వెలుగుతాయి. ఇంజనుకు ఒక బ్యాటరీ, గదికి రెండు వేరేగా పెట్టించాను, రాత్రంతా ఫ్యాను తిరిగినా తెల్లవారి లారీ కదిలేట్టు. మంచాల కింద పెట్టెలు చేసి వాటిని బిగించాం. స్విచ్చు వేసినప్పుడు గదంతా వెలిగిపోతే నాకే ముచ్చటేసింది. జమ్మలమడుగు హాస్టల్లో దెబ్బలు తిని నేర్చిన ఇంగ్లీషు ఇట్లా పనికొచ్చింది.

బ్యాటరీల్లో నీళ్ళు తగ్గుతుంటాయి, పోస్తుండాలి. అవి కాచి, ఆవిరిని చల్లార్చి పట్టిన నీళ్ళే కావాలి. బావి నీళ్ళు పోస్తే లోపలి పలకలు పాడై కొద్ది రోజులకే బ్యాటరీ చచ్చిపోతుంది. సోమవారం పొద్దున నాగన్న రెండు ఇత్తడి బిందెల్లో తన బావి నీళ్ళు తెచ్చాడు.

"మా బావి నీళ్ళు అమృతంమే. ఆ పెట్టెల్లో ఇవే పోయాల. ఎవరెవరివో పోస్తే ఆ బండి మా అమ్మ ఎక్కదు."

నీ అల్లుడు అప్పుడే లారీని, డ్రైవరును వెంటబెట్టుకొని పైన నీళ్ళ తొట్టి బిగించేవాళ్ళ దగ్గరికి పోయాడు. గది బ్యాటరీలు మాత్రం నీళ్ళు పోసేందుకు కిందికి దించి, నా ముందే మూతలు తీసి ఉన్నాయి. ఆయన నోటితో ఆయనే పోయమంటున్నాడు. పోస్తే, పేరు తెలియని దేశంలో ఆ గది చీకటైపోతుంది, నన్ను ఎవరూ ఏమీ అనలేరు. నా చెయ్యి బిందె దాకా పోయింది.

ఆగాను. జాలి కాదమ్మా. నాయన ఎండిపోవడం నేను కళ్ళారా చూశాను. ఇది ఎక్కడో జరిగితే నేనెట్లా చూస్తాను?

"ఈ నీళ్ళు పనికిరావప్పా," అన్నాను. సామీ అనలేదు.

"మా నీళ్ళు పనికిరావా! అయితే గంగ నీళ్ళు పోస్తే?"

"గంగమ్మవైనా బ్యాటరీలు చచ్చిపోతాయప్పా. మీవే కాచి తీసిస్తా, కూర్చో. రెండు బిందెలూ కావాల."

"నా కండ్ల ముందరే తీయాల. వేరేవి కలిపితే ఊరుకునేది లేదు," అని తడక కింద పెట్టె మీద కూర్చున్నాడు.

అటక మీద ముందే కాచి పట్టిన నీళ్ళు నాలుగు సీసాల నిండుగా ఉన్నాయి. ఆ సంగతి నేను చెప్పలేదు.

ఖాసింబీ భర్త చేసిచ్చిన రాగి బాన పొయ్యి మీద పెట్టి, ఆయన నీళ్ళు పట్టినంతా పోసి, మిగిలినవి తగ్గినప్పుడల్లా పోస్తూ వచ్చాను. గొట్టం చివర సీసాలో చుక్క పడుతుంది. లెక్కపెట్టుకోవచ్చు, అంత నిదానం. పొయ్యి సెగ, రేకుల సెగ. మా షెడ్డు ఊరి చివర కదా, దగ్గరలో సోడా అంగడి కూడా లేదు. లేచి పోతే నేను నీళ్ళు మారుస్తానని ఆయన భయం.

"ఇంకెంతసేపుమే?"

"నిండితే అయిపోతాదప్పా."

పొద్దు నడినెత్తికి వచ్చింది. బిందెలు రెండూ ఖాళీ. ఆయన పై పంచెతో మొహం తుడుచుకొని, పెదవులు తడుపుకొని, "నోరెండిపోతాంది. ఆ సీసాలోవి ఇన్ని పోయ్. మావే గదా," అన్నాడు.

పదకొండేళ్ళుగా నా నోట్లో ఉన్న మాట అది. తడబడకుండా చెప్పాను.

"బ్యాటరీలు తాగనీ అప్పా, తరువాత మీరు."

ఆయన నన్ను మొదటిసారి నిదానంగా చూశాడు. "ఎవరి బిడ్డవుమే నువ్వు?"

"మీ బావికాడ మధ్యాహ్నం దాకా నిలబెట్టినారే, ఆ యోసేపు బిడ్డను."

ఆయన చూపు సీసాలో పడే చుక్కల మీదికి తిప్పాడు. తరువాత తల వంచుకొని, "ఆ యేడు శానా కరువు. చెట్లు ఎండిపోతాన్నాయి," అన్నాడు.

"మా నాయన గూడా ఎండిపోయినాడప్పా."

నేను పొయ్యిలో కట్టెలు ఎగదోస్తూ కూర్చున్నాను. చివరకు ఆయన లేచి, రోడ్డుకు ఇటూ అటూ చూసి, మా వాకిట్లోని కుండ వైపు చెయ్యి చూపించాడు. "ఆ కుండలోవే పోయ్."

"దోసిలి పట్టు," అన్నాను.

పోశానమ్మా. మనకు ఎట్లా పోసేవాళ్ళో అట్లాగే, చెంబు ఆయన చేతులకు తగలకుండా ఎత్తి పట్టుకొని పోశాను. వంగి తాగాడు. మోచేతుల మీదుగా చొక్కాలోకి కారాయి. రెండు చెంబులు తాగాడు.

"ఈ సంగతి మా అమ్మకు తెలిస్తే బతకదు," అన్నాడు.

"మా అమ్మ గూడా మీ ఊర్లో బతకాల గదప్పా," అన్నాను. ఆయనకు అర్థమైంది.

పోయే ముందు బాన మూత తీసి అడుగు చూపించాను, సున్నం కొట్టినట్టు తెల్లగా పేరుకొని ఉంది. ఆయన అమృతం అది. బ్యాటరీలకు పోయగా మిగిలిన సీసాలు తీసుకొని పోయాడు. దారి పొడుగునా వారానికోసారి ఆ సీసా మూత తీసి పోసుకోవాలి. పోసుకున్నప్పుడల్లా నేను గుర్తుకొస్తాను.

నీ అల్లుడికి చెబితే పని ఆపి అంతా విన్నాడు. తరువాత, "ఎంత ఎత్తు నుంచి పోసినావుమే?" అని అడిగాడు. చేత్తో చూపిస్తే నవ్వాడు.

క్షమించానా అంటే లేదమ్మా. ఆదివారం ప్రార్థనలో అయ్యగారు క్షమించమని చెప్పినప్పుడు తల వంచుకొని వింటాను, అంతే. ఏ బావిలోనైనా అందరూ తోడుకోవచ్చని చట్టం వచ్చిందని పేపర్లో చదివాను. మన ఊరికి పేపరు రాదు. అందుకని నేను రాస్తున్నాను. లారీ బయలుదేరేది వచ్చే గురువారం. ఆ లోపలే, ఆయన గట్టు మీద ఉన్నప్పుడే, నువ్వు గట్టెక్కి నీ చేతులతో తోడు. ఎవరైనా అడ్డమొస్తే, "ప్రొద్దుటూర్లో నా కూతురు పోసిన నీళ్ళు చల్లగా ఉన్నాయా అని నాగన్నను అడగండి," అను. ఆ మాటకు ఆయనే వాళ్ళను పక్కకు పొమ్మంటాడు. ఆ పైన అక్కడ ఉండటానికి నీకు గుండె చాలకపోతే పులివెందులలో బస్సెక్కి వచ్చెయ్యి, నీకు ఇక్కడ చోటుంది. కానీ ఒక్కసారి తోడి రా.

మన ఊరి అయ్యగారికి, పెద్దవాళ్ళందరికీ మా వందనాలు చెప్పు. మార్తమ్మ వదినకు ఎర్ర రిబ్బను కొని పెట్టాను, నువ్వు ఇక్కడికి వచ్చినప్పుడు నీతో పంపిస్తాను. నువ్వు ప్రార్థనలో మా పేర్లు తలుచుకో, అదే మాకు దీవెన.

ఒక్కటి మరవొద్దు. ఆ మొదటి కడవ ఇంటికి తేవద్దమ్మా. నాయన సమాధి మీద పొయ్యి. కడవ మొత్తం పొయ్యి.

నీ బిడ్డ,
కరుణమ్మ