మా అక్క ముఖానికి ఫోకస్

యావన్మందికీ తెలియజేయడమేమనగా: నిన్న పొద్దున నా మీసంలో ఒక వెంట్రుక తెల్లబడింది. మిగతావి ఇంకా ఆలోచిస్తున్నాయి. డాక్టరు కూడా కాఫీ పళ్ళు కోసేదాకానే గడువిచ్చాడు. అందుచేత, అనంతగిరి దగ్గర కాఫీ రైతునీ, సినిమా యూనిట్లకు లొకేషన్లు చూపించేవాణ్ణీ అయిన కిల్లో గంగరాజు అనే నేను, ఏడో తరగతి తప్పినా బుద్ధి తప్పకుండా, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న వీలునామా.

1. డైరెక్టరు నన్ను మెచ్చుకుని ఇచ్చిన క్లాప్ బోర్డు జీపు డ్రైవరు సమూయేలుకి. జనం కిక్కిరిసేదాకా అతని జీపు కదలదు. ఇది టప్పుమని కొడితే కదులుతుందేమో.

2. ముఖాల మీదికి వెలుగు మళ్ళించే థర్మాకోల్ షీటు టీకొట్టు ముత్యాలమ్మకి. పక్కన పెడితే ఆమె పకోడీ కూడా హీరోయిన్‌లా మెరుస్తుంది.

3. కంటిన్యుటీ కోసమని, అంటే ప్రతి షాటులోనూ ఒకేలా కనబడాలని, షూటింగు అయ్యేదాకా నన్ను ఉతకనివ్వని ఎర్ర చొక్కా ఎవరికీ వద్దు. తగలేయండి.

4. మా అక్క అసిరమ్మకి నా గొంగళి, ఒక సంజాయిషీ. అప్పట్లో ఒక షూటింగులో, నా మాట నమ్మి, వలిసె పూల చేలో హీరో వెనకాల అక్క రోజంతా నిలబడింది. ఎస్.కోట వెళ్ళి సినిమా చూస్తే హీరో ముఖం అద్దంలా ఉంది. వెనక పూలెక్కడో అక్కెక్కడో తెలియలేదు. దాన్ని అవుట్ ఫోకస్ అంటారని చెప్పినందుకు ఏడాదిపాటు నాకు కూర పెట్టలేదు. ఇప్పుడు కూతురు భానుని సినిమా పనికి పంపమంటే, "సినిమావోళ్ళు మనుసుల్ని మసక సేసేత్తారు. నా గుంటని పంపను" అంటోంది.

5. నా కాఫీతోట మేనకోడలు భానుకి. మొన్న వచ్చిన కెమెరా అసిస్టెంటమ్మ దీని చేతికి ఫోకస్ చక్రం ఇచ్చి చూసి, హైదరాబాదు వచ్చి పని నేర్చుకోమంది. ఎవరి ముఖం స్పష్టంగా కనబడాలో చూసుకునే పని అది. సోమవారం జీపులో భాను బయలుదేరాలి. షరతు ఒకటే: సొంతంగా కెమెరా పట్టిన రోజు తొలి క్లోజప్ వాళ్ళమ్మది. హీరో ఉంటే వెనక మసకగా నిలబడాలి.

ఇక ఉన్నమాట. డాక్టరు గడువు నేను కల్పించిందే. ఆయన చూసింది నా పిప్పిపన్ను. డైరెక్టరు మెచ్చుకోవడం కూడా కల్పితం. ప్యాకప్ రోజు విరిగిన బోర్డు పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నాను. పోయేవాడి మాటైతేనే అక్క చివరిదాకా వింటుందని ఇలా రాశాను. భాను పని నిజం, తోట నిజం. అవి నేను బతికుండగానే చెల్లుతాయి. అక్కా, ఒప్పుకుంటే కింద వేలిముద్ర వెయ్యి.

తేదీ: 14-09-2025
సంతకం: కిల్లో గంగరాజు
సాక్షులు: ఎజ్రా, పాస్టరు; రత్న, ఆశా వర్కరు
వేలిముద్ర: అసిరమ్మ ("కుడిపక్కనుంచి తియ్యమను, అటే బాగుంటాను" అని చెప్పి వేసింది)