ఒక పొయ్యి, రెండు పిడికిళ్ళు

ఇబ్రహీంపట్నం,
మంగళవారం, మధ్యాహ్నం

ప్రేమగల అక్కకు,

చెల్లె ఎస్తేరు ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాస్తున్నది. దేవుని దయవల్ల ఇక్కడ నేను, మీ మరిది ఒంట్లో బాగానే ఉన్నాము. అక్కడ నువ్వు, బావ, పిల్లలు ఎట్లా ఉన్నారు? అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? ఆముదం కాచి రాస్తున్నావా? ఉత్తరం రాయడానికి తీరిక లేకపోతే ఒక్క కార్డుముక్క అయినా వేయించు.

నేను, మీ మరిది అని ఇద్దరి మాటే రాసిందేమిటి, దావీదు, కోడలు, పాప ఏమయ్యారు అని నువ్వు అడుగుతావు. అదే చెప్పడానికి కూర్చున్నాను. అమ్మకు చదివి వినిపించేటప్పుడు సగంలో ఆపకు. ఆపితే ఆమె ఇంకేదో అనుకుని భయపడుతుంది. అందరూ ప్రాణాలతో ఉన్నారు. కానీ దావీదు ఇల్లు విడిచి మంచాల అనే ఊరికి వెళ్ళిపోయాడు.

మొదటి నుంచి చెబితేనే నీకు తెలుస్తుంది. మీ మరిదికి ఇక్కడి మిషను బడికి బదిలీ అయినప్పుడు మేమందరం ఒకే బండిలో వచ్చాము కదా. దావీదు తన కుట్టుమిషను వసారాలో పెట్టుకున్నాడు. బట్టలు బాగానే వచ్చేవి. ఈ ఊరి చెరువు చాలా పెద్దది అక్కా, ఆ ఒడ్డు కనబడదు. దాని మీది నుంచి వచ్చే గాలికి తెల్లవారుజామున చేతులు కొంకర్లు పోతాయి. ఇంత నీరున్నా పక్క ఊళ్ళన్నీ వానను నమ్ముకున్నవే, జొన్నలే ఎక్కువ. బియ్యం ప్రియం. యుద్ధం వచ్చినప్పటి నుంచి మరీ కష్టమైంది. మేము ఒక పూట అన్నం, ఒక పూట రొట్టె తింటున్నాము. అయినా పిడికెడు బియ్యం మానలేదు. అమ్మ నేర్పినట్టే ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి, గుడి కోసం పెట్టిన చిన్న కుండలో వేసి, ఆదివారం తీసుకెళ్ళి గంపలో పోస్తున్నాను. ఇక్కడ జొన్న తినే ఇళ్ళవాళ్ళు జొన్నలే తెస్తారు. గంపలో రెండూ కలిసిపోతాయి. అది చూడడం నాకు ఇష్టం.

పోయిన ఎండాకాలం చెరువు దగ్గర డేరా వేసి, కోస్తా నుంచి వచ్చిన ఒక బోధకుడు కూటాలు పెట్టాడు. దావీదు వాటికి పోయాడు. ఏడుస్తూ వచ్చాడు. ఆ మర్నాటి నుంచి కల్లు ముట్టలేదు. నీకు తెలుసు, ఆ కల్లు కోసం నేను ఎన్ని ఉపవాసాలు ఉన్నానో. అందుకే ఆ బోధకుడి మీద నాకు ఈనాటికీ కోపం రాదు.

కానీ ఆ తర్వాతే మా గుడి అయ్యగారితో పేచీ వచ్చింది. మా అయ్యగారు వయసు మళ్ళిన మనిషి, మెత్తని మనిషి. ఒక ఆదివారం యోనా ప్రవక్త సంగతి చెబుతూ, చేప నిజంగా మింగిందా లేదా అని కొట్లాడకండి, నీనెవె ఊరి మీద దేవుడు జాలిపడ్డాడు, అది నేర్చుకోండి అన్నారు. నాకు ఆ మాట నచ్చింది. దావీదు మాత్రం మధ్యలోనే లేచి బయటికి వెళ్ళిపోయాడు. అయ్యగారు వాక్యాన్ని నమ్మడం లేదని కొన్ని కుటుంబాలు వేరుపడి, ఒకరి ఇంట్లో కూడిక మొదలుపెట్టాయి. దావీదు అటు పోయాడు. రాహేలు కూడా మొగుడి వెంట పోయింది. పోక ఏం చేస్తుంది?

అప్పటి నుంచి మా ఇంట్లో ఒక పొయ్యి, రెండు కుండలు. ఐదుగురికి రెండు సోలల బియ్యం కొలిచి చేటలో పోస్తే, నేనొక పిడికెడు తీసి నా కుండలో, రాహేలు ఒక పిడికెడు తీసి తన కుండలో వేసేవాళ్ళం. రెండూ ఒకే కుమ్మరి దగ్గర కొన్నవి, అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి. గుర్తుకు నా దానికి సున్నం గీత పెట్టాను. రాహేలు తన బియ్యంలో వేపాకు వేస్తుంది, పురుగు పట్టదని వాళ్ళ తల్లిగారింట్లో అలవాటు. నీడలో ఎండబెట్టి, ఈనె తీసి వేస్తుంది. ఒకరి కుండ ఒకరం ముట్టేవాళ్ళం కాదు. అట్లా ఎన్నాళ్ళయినా గడిచిపోయేది.

ఆ మధ్య పెద్ద వానకు కుండలు పెట్టే గూడు కారింది. శనివారం నేనే కుండలు దింపి, తుడిచి, ఆరబెట్టి మళ్ళీ పెట్టాను. సున్నం గీత తడికి పోయింది, చూసుకోలేదు. ఆదివారం గంట కొడుతుంటే తొందరలో రాహేలు కుండ పట్టుకుని పోయాను. ఆమె నాది పట్టుకుని పోయింది. మా గుడిలో గంపలో పోస్తుంటే వేపాకులు రాలాయి, అప్పుడు తెలిసింది. నవ్వుకుని పోసేశాను. అక్కడ రాహేలు మాత్రం పోయబోతూ, వేపాకు లేదే, ఇది మా అత్తమ్మ కుండ అని పైకి అన్నదట. ఆ పిల్లకు దాచడం రాదు. అక్కడి పెద్దలు, వేరే బలిపీఠానికి తీసిన బియ్యం ఇక్కడ చెల్లదు, తిరిగి తీసుకుపొమ్మన్నారట. అందరి ముందర.

దావీదు ఎండలో నడిచివచ్చి కుండను గడప మీద పెట్టాడు.

"అమ్మా, నీ కుండ నువ్వు తీస్కో."

మీ మరిది వసారాలో కూర్చుని ఉన్నారు. "ఏందిరా, బియ్యం తిరిగొచ్చినయ్?"

"మా సంఘంల గివి చెల్లవ్ బాపు."

"ఒక్క చేటల బియ్యం. మీ అమ్మ తీస్తే చెల్లవ్, నీ పెండ్లాం తీస్తే చెల్లుతయా? బియ్యానికి బాప్తిస్మం ఎవలిచ్చిన్రు రా?"

నాకు నవ్వు వచ్చింది. రాహేలు కూడా కొంగు అడ్డం పెట్టుకున్నది. దావీదు మొహం నల్లబడింది.

"నవ్వులాట కాదు బాపు. యోనా మాట కథ అన్నోళ్ళు, రేపు యేసయ్య సమాధిల కెల్లి లేచిన మాట గూడ కథ అంటరు. అప్పుడు మనకేం మిగుల్తది?"

"నేను గట్ల ఎన్నడన్న అన్ననా?"

"అనలే. అన్నోళ్ళ పక్కన కూసున్నవ్."

అక్కా, నువ్వు మీ మరిదిని ఎరుగుదువు. బడిలో పిల్లల మీద బెత్తం ఎత్తని మనిషి. ఆ పూట ఏమైందో, లేచి నిలబడి, "నా ఇంట్ల ఉన్నన్ని దినాలు నా గుడికే రావాలె. లేకుంటే నీ తొవ్వ నువ్వు చూస్కో" అన్నారు.

"ఏం మాటలయ్యా గవి?" అని నేను అడ్డం పోయాను. అప్పటికే దావీదు లోపలికి వెళ్ళి మిషను మీది బట్ట తీసి మడత పెడుతున్నాడు.

మంచాలలో వాళ్ళ సంఘంవాళ్ళు ఒక గది ఇచ్చారు. ఆ వారంలోనే బండి వచ్చింది. రాహేలు నా చేయి పట్టుకుని, "అత్తమ్మా, నేనే నోరు జారిన. వేపాకు మాట అనకుంటే అయిపోతుండె" అని ఏడ్చింది.

"నిజం చెప్పినవ్ బిడ్డా, దాంట్ల తప్పేముంది?" అన్నాను. పాప మేరీ బండి ఎక్కి, తాత కూడా ఎక్కాలని గోల చేసింది. తాత ఇంట్లో నుంచి బయటికి రాలేదు.

మా గుడిలో అందరూ మంచివాళ్ళని అనుకోకు. పక్కింటి దీనమ్మ, "పోతే పోనియ్ వదినె, పొద్దుందాక మన తప్పులెన్నెటోళ్ళు, పీడ పాయె" అన్నది. "నా కొడుకు నాకు పీడ కాదు దీనమ్మా" అని చెప్పి వచ్చేశాను. అయ్యగారు మాత్రం ఇంటికి వచ్చి చాలాసేపు కూర్చుని, "నేను నా మాట వెనక్కి తీసుకుంటే వస్తాడా అమ్మా?" అని అడిగారు. "రాడయ్యగారూ. ఇప్పుడది చేప సంగతి కాదు, తండ్రీ కొడుకుల సంగతి" అన్నాను.

ఇల్లు ఎంత చప్పుడు లేకుండా ఉన్నదో రాయలేను. మిషను చప్పుడు ఆగితే నాకు పని తోచదు. ఇద్దరికి ఒక సోల చాలు. కానీ చేట ముందు కూర్చుంటే నా చేయి రెండుసార్లు పోతుంది. నా కుండలో ఒక పిడికెడు, రాహేలు వదిలిపోయిన కుండలో ఒక పిడికెడు. మీ మరిది చూశారు. ఆయన అన్నం సరిగ్గా తినడం లేదు కానీ, దాని గురించి నువ్వు రాయకు. ఉత్తరం ఆయనే విప్పుతారు, బాధపడతారు.

రాహేలు కుండ నిండింది. బడికి సెలవు వచ్చిన రోజు పొద్దున్నే ఆయన తువ్వాలలో ఆ కుండ కట్టుకుని, "మంచాల దాక పోయొస్త" అన్నారు. పోయేటప్పుడు ఎవరిదో బండి దొరికిందట, వచ్చేటప్పుడు నడిచే వచ్చారు. దీపాలు పెట్టే వేళకు కుండ అట్లాగే నా ముందు పెట్టారు.

"తీస్కోలేదా?"

"తీస్కోలే. మర్యాద తప్పలేదు. మంచమేసిండు, నీళ్ళిచ్చిండు. బాపు, మీ గుడి బియ్యం మాకొద్దు, నువ్వొచ్చినవ్ గదే చాలు అన్నడు."

"మీరేమన్నరు?"

"ఏమంట? నేనన్న మాట వాపస్ తీస్కున్న, ఇంటికి రా అందామనే పోయిన. నోరు రాలే."

"రాహేలు?"

"కుండ లోపటికి తీస్కపోయింది. జరసేపటికి మళ్ళ తెచ్చి ఇచ్చింది. పాప నిద్రపోతుండె."

ఎత్తి చూస్తే బరువు ఏమీ తగ్గలేదు. నేను కుండను గూట్లో పెట్టేశాను. మర్నాడు పొద్దున అలవాటుగా పిడికెడు వేయబోతే చేతికి మెత్తగా తగిలింది. వేపాకులు అక్కా. రాహేలు వేసింది. నీడలో ఆరబెట్టడానికి, ఈనె తీయడానికి సమయం ఎక్కడిది? ఇంటి ముందు కొమ్మ విరిచి, రెమ్మలు రెమ్మలుగానే వేసింది. మా బియ్యం వాళ్ళకు పనికిరాదు, కానీ పురుగు పట్టకూడదట. ఆ రెమ్మ చేతిలో పట్టుకుని వెళ్ళి మీ మరిదికి చూపించాను. ఆయన తలుపు వైపు తిరిగి నిలబడ్డారు.

అందుకే ఈ ఉత్తరం. దావీదుకు మొదటి ప్రార్థన నేర్పింది అమ్మ. ఆమె మాట వాడు కాదనడు. అమ్మ చెబుతుంటే నువ్వు రాసి, మంచాల దర్జీ దావీదు అని పైన పెట్టు, చేరుతుంది. యోనా మాట, గుడి మాట రాయవద్దు. వాడి గుడికి వాడే పోనీ. పాపను చూడాలని ఉంది, మీ అమ్మా నాన్నలతో కలిసి ఒక్కసారి నా దగ్గరికి రమ్మని మాత్రం అమ్మ మాటగా రాయించు. మీ నాన్న గడప దాకా వచ్చింది బియ్యం ఇవ్వడానికి కాదని రాయించు. నేను రాస్తే సరిపోదు. ఆయన రాయలేరు.

కొత్త చింతపండు వస్తే, ఎవరైనా ఇటు వచ్చేటప్పుడు కొంచెం పంపు. ఇక్కడిది పుల్లగా లేదు. నా గురించి ఫికరు చేయవద్దని అమ్మకు చెప్పు. తింటున్నాను, పడుకుంటున్నాను. బావకు మా ఇద్దరి వందనాలు, పిల్లలకు ముద్దులు. అమ్మ రెండు చేతులూ నా తల మీద పెట్టినట్టు అనుకుని దీవించమను, మీ మరిదిని కూడా.

పచ్చి ఆకులు బియ్యంలో చాలా రోజులు ఉండకూడదు, చెమ్మ పడుతుంది. తీసేయాలని తెలుసు, చేయి రావడం లేదు. అవి ఎండిపోయేలోగా అమ్మ మాట వాడికి చేరేటట్టు చూడు.

మీ ప్రార్థనల మీదే ఆశ పెట్టుకున్న
నీ చెల్లె,
ఎస్తేరు