ఏడో మెట్టు: పక్కగదిలో వాళ్లను పిలవండి

సాఫ్ట్‌వేర్ బృందంలోని అయ్యలందరికీ నమస్కారాలు.

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కలం మూత తీశాను, పెట్టాను, మళ్లీ తీశాను. మీరంతా జీతం బత్తెం లేకుండా తయారుచేసి లోకానికి ఊరికే పంచిన మరమ్మతు కొట్ల సాఫ్ట్‌వేరును ఆరేళ్లుగా నా గడియారాల కొట్టులో వాడుతున్నాను. ఎలా వాడాలో చెప్పే పుస్తకమే లేదు. "ఎవరైనా రాసిపెట్టండి బాబూ" అని సైటులో మీరే వేడుకున్నారు. రాశాను. నలభైఒక్క పేజీలు, ఇందులో పెట్టాను.

ఇట్లు,
గడియారాల రిపేరువాడు

తా.క. మూడో మెట్టులో మా బావమరిది వస్తాడు. మీ తెర తెరుచుకోవడానికి ఎంతసేపు పడుతుందో వాడి స్నానంతో పోలిస్తే తప్ప ఎవరికీ బోధపడదు.

గడియారాల బాబాయిగారికి బృందం తరఫున నమస్కారాలు.

అడిగిన ఇన్నాళ్లకు పలికింది మీరొక్కరే. మీ నలభైఒక్క పేజీల్ని మూడు చేశాం, కోప్పడకండి. బావమరిదిగారిని తీసేశాం. "ఏడో మెట్టు: పక్కగదిలో వాళ్లను పిలవండి, వచ్చేదాకా ఆగండి" అన్న జోకు కూడా తీసేశాం.

ఇట్లు,
బృందం

తా.క. స్నానం సంగతికి అందరం పడీపడీ నవ్వాం.

బృందం వారికి,

బావమరిదిని తీసేసినందుకు విచారం లేదు. వాడు ఎక్కడా నిలిచిన మనిషి కాడు. ఏడో మెట్టు మాత్రం జోకు కాదు. అది లేకపోతే పని అక్కడితో ఆగిపోతుంది. నా కొట్టులో ఎనిమిది నెలలుగా ఆగే ఉంది.

ఇట్లు,
రిపేరువాడు

తా.క. మీ గదిలో కుర్చీలెన్ని? ఏం లేదు, అందర్నీ ఊహించుకుందామని.

బాబాయిగారికి,

ఇప్పుడర్థమైంది! "పిలుపు" అని ఒక మీట పెట్టాం. నొక్కితే పక్కగది అదిరేలా గంట మోగుతుంది.

ఇట్లు,
బృందం

తా.క. కుర్చీలు సరిపడా ఉన్నాయి.

బృందం వారికి,

గంట మోగింది. అరవైమూడు గడియారాలున్న కొట్టులో అది అరవైనాలుగోది. ఎవరూ రాలేదు.

తప్పు నాదే, విడమరిచి చెప్పాల్సింది. మీ సాఫ్ట్‌వేరులో బాగుచేసినవాడు "చేశాను" అని నొక్కాలి. ఇంకొకరు, వేరే పేరుతో, "చూశాను" అని నొక్కాలి. అప్పుడే చీటీ వస్తుంది. చీటీ లేనిదే గడియారం కొట్టు దాటదు, అది మా పద్ధతి. "చూశాను" నొక్కేది మా ఆవిడ. పక్కగదిలోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, గడియారం చెవి దగ్గర పెట్టుకుని, సగంసార్లు "మళ్లీ విప్పండి" అనేది. ఆవిడ పోయి ఎనిమిది నెలలు. ఆవిడ పాస్‌వర్డ్ నాకు తెలుసు, నన్ను తిట్టే తిట్టునే పెట్టుకుంది. కానీ నేను నొక్కితే ఆవిడ చూసినట్టు అబద్ధమాడినవాణ్ణవుతాను. పందొమ్మిది గడియారాలు ఆగిపోయాయి. అందులో ఒకటి మా వీధి టైలరుది, రోజూ గుమ్మంలో నిలబడి అడుగుతున్నాడు.

ఇట్లు,
రిపేరువాడు

తా.క. మీలో మీరు మాట్లాడుకుని, ఒంటరివాళ్లు ఏడో మెట్టు ఎలా ఎక్కాలో తెలియజేయగలరు.

బాబాయిగారికి,

మాట్లాడుకోవడానికి ఇక్కడ ఎవరూ లేరు. బృందం అంటే నేనొక్కదాన్నే. పగలు పళ్ల డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్లు రాస్తాను, సాయంత్రాలు ఇది. మొదట్లో ఇద్దరం. ఇద్దరు చూడాలన్న నియమం నా స్నేహితురాలిదే. నా తప్పులన్నీ తనే పట్టేది. నాలుగేళ్ల కిందట మానేసింది. అప్పట్నుంచి "చేశాను", "చూశాను" రెండూ నేనే నొక్కుకుంటున్నాను.

ఆ నియమం తీసెయ్యడం అయిదు నిమిషాల పని. కూర్చున్నాను, చెయ్యి రాలేదు. మీకిష్టమైతే రెండో పేరు నాది రాసుకోండి. ఫోను గడియారం దగ్గర పెట్టండి, నేను విని "చూశాను" నొక్కుతాను.

ఇట్లు,
ఒక కుర్చీ

తా.క. స్నానం సంగతికి నవ్వింది నేనొక్కదాన్నే. పైవాటావాళ్లు నేల మీద కర్రతో కొట్టారు. బావమరిదిగారిని మళ్లీ పెట్టేశాను.

అమ్మాయికి ఆశీస్సులు.

మంగళవారం నువ్వు ఫోనులో వింటూ "బాబాయిగారూ, ఇది కుంటుతోంది" అన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. నలభై ఏళ్ల చెయ్యి నాది. అయినా విప్పాను. నిజంగానే కుంటుతోంది, సరిచేశాను.

ఏడో మెట్టులో "పక్కగదిలో" అన్న మాట కొట్టేశాను. ఇకమీదట సాఫ్ట్‌వేరులో నువ్వు చేసిన మార్పులు నాకు పంపు. నేను చూసేదాకా నువ్వు "చూశాను" నొక్కకు.

ఇట్లు,
బాబాయి

తా.క. నువ్వు నొక్కగానే చీటీ వచ్చింది. నాలుగింటికి టైలరు వచ్చి చీటీతో సహా గడియారం పట్టుకెళ్లాడు.