సూది ఎత్తేసిన పాట

నవంబర్ 3

సాయంత్రం నాలుగింటికి రేడియోలో, ఏ పాట ఏ తేదీన పాడారో చెప్పి ఆ తేదీనే వినిపిస్తారు. మంగలి హాన్ కొట్లో కూర్చుని నేనూ గూ అన్నయ్యా రోజూ వింటాం. గూ ఒకప్పుడు అకార్డియన్ వాయించిన మనిషి. చెవులు ఇంకా కత్తులే.

పంతొమ్మిదిన గాయని మిన్ సోల్‌హీ ‘బూడిద రేవు’ ఆల్బమ్ వంతు అంది రేడియోపిల్ల. 1981లో ఆ తేదీన మొత్తం ఒక్కరోజులో రికార్డు చేశారు. కంపెనీ మూతపడింది, అసలు టేపు కాలిపోయింది, ఎవరింట్లోనైనా పాత రికార్డుంటే పంపండి అని అడిగింది.

అందులో నేనూ పాడాను అన్నాను. గూ గడ్డం నురగతోనే లేచి, ఒరేయ్ మన్‌బే, ముప్పై ఎనిమిదేళ్లుగా ఈ మాట వింటున్నాను, పాటే ఒక్కసారీ వినలేదు అన్నాడు. హాన్ కత్తి పక్కన పెట్టి మరీ నవ్వాడు.

నవంబర్ 4

నేను అబద్ధమాడను. ఆ రోజుల్లో ప్రతి రికార్డు చివర ఒక బుద్ధిమంతుల పాట ఉండాలని సర్కారు రూలు. పొద్దున్నే లే, వీధి ఊడ్చు, పొదుపు చెయ్యి. పన్నెండుమంది మగవాళ్లం కోరస్ పాడాం. అట్ట మీద పేర్లు వెయ్యలేదు. ఆ పాట మొదలవగానే జనం రికార్డు మీంచి సూది ఎత్తేసేవాళ్లు. మా ఆవిడా ఎత్తేసేది. నేనూ వద్దనలేదు.

నవంబర్ 9

రేడియో స్టేషనుకు వెళ్లాను. చివరి పాట కూడా వెయ్యమన్నాను. రేడియోపిల్ల బార్లీ టీ ఇచ్చింది. తాతగారూ, అది సర్కారువాళ్లు బలవంతంగా పెట్టించిన పాట కదా, ఎవరు వింటారు అంది. టీ తాగకుండా వచ్చేశాను.

నవంబర్ 12

గూ మళ్లీ మొదలెట్టాడు. వేసినా ఏం లాభంరా, పన్నెండు గొంతులు ఒక కుండలో గంజి, నీ మెతుకేదో ఎవడు చెప్తాడు అన్నాడు.

చెప్పొచ్చు. ఎలాగో నాకు తెలుసు.

నవంబర్ 13, పొద్దున ఐదు

రాసేస్తాను. రెండో చరణం అందరం కలిసి ‘రండి’ అన్న మాటతో ఎత్తుకోవాలి. అందరికంటే ముందు నేను ఎత్తుకున్నాను. ఒక్కణ్ణే. పాట పాడిస్తున్న మాస్టారుతో, మళ్లీ పాడదాం అన్నాను. పోనీలేవయ్యా, దీన్నెవడు వింటాడు అని ఆయన కోటు తొడుక్కున్నాడు.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. పాట వేస్తే నా తప్పు ఊరంతా వింటుంది. వెయ్యకపోతే అబద్ధాలకోరుగానే పోతాను.

నవంబర్ 14

వెయ్యకపోతేనే నయం.

నవంబర్ 16

కల. రేవంతా పొగమంచు. మోకాళ్ల లోతు నీళ్లలో పదకొండుమంది నిలబడి ఉన్నారు. అందరూ నా నోటి వంకే చూస్తున్నారు. మాస్టారు కోటు తొడుక్కోలేదు.

వెయ్యాలి.

నవంబర్ 19, సాయంత్రం ఆరు

మూడు రికార్డులు వచ్చాయట. మూడూ అరిగిపోయినవే. ‘బూడిద రేవు’ పాట వేస్తే వానలాంటి చప్పుడు, మూడో లైను దగ్గర సూది ఎగరడం. రెండోది వేసినా అంతే. మూడోదీ అంతే. అందరూ తెగ విన్న పాట కదా. రేడియోపిల్ల నవ్వేసింది. ఈ మూడింట్లోనూ గీతలు పడనిది ఒక్కటే, ఎవరూ విననిది, ఒక తాతగారు అలిగి టీ కూడా తాగకుండా వెళ్లారు, ఆయన కోసం అంది.

వేసింది.

గీత లేదు, చప్పుడు లేదు. నిన్న పాడినట్టుంది. మొదటి చరణంలో నన్ను నేనే పోల్చుకోలేకపోయాను. నా గొంతు నేనూ మర్చిపోయాను. తర్వాత ఒక్కడు, ఒంటరిగా, ‘రండి’ అన్నాడు. ఆ వెనక పదకొండుమంది వచ్చారు.

గూ కప్పు కింద పెట్టాడు. అది నువ్వేరా అన్నాడు. పెళ్లి బంతిలోనూ నువ్వే ముందు కూర్చుంటావు, ఇంకెవడై ఉంటాడు అన్నాడు. హాన్ నవ్వలేదు.

నేనే, తప్పు పాడాను అన్నాను.

తప్పో ఒప్పో, పిలిచావు, వాళ్లొచ్చారు అన్నాడు గూ. కళ్లు మూసుకున్నాడు. పాట అయిపోయాక కూడా తెరవకుండా వేళ్లతో తాళం వేస్తూనే ఉన్నాడు.

నవంబర్ 20

మొదటి మంచు పడింది. సందులో ఒక్క అడుగుజాడ లేదు. అందరికంటే ముందు నేను దిగాను.