నర్సు లోహితపై నా ఫిర్యాదు రద్దు కోరుతూ

ఆసుపత్రి సూపరింటెండెంట్ గారి సముఖమునకు,

చంద్రగిరి పక్కన ఒక చిన్న పెరుమాళ్ గుడి వంటశాలలో నైవేద్యం వండు శఠగోపం విన్నవించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: పసిపిల్లల ఐసీయూ స్టాఫ్ నర్సు కుమారి లోహితపై గురువారం నేనిచ్చిన ఫిర్యాదును రద్దు చేసి, ఆమెను ఈ పూటే డ్యూటీలోకి తీసుకొనుట, మరియు నా ఇత్తడి చెంబును పరీక్షకు పంపుట గురించి.

1. నా కుమార్తె వకుళకు ఎనిమిదో నెలలోనే ఆడశిశువు కలిగినది. బరువు కిలో మూడు వందల గ్రాములు. పుట్టిన గంట నుండి తమ ఐసీయూలో మూడో నంబరు గాజుపెట్టెలో ఉన్నది. మొన్న సోమవారం పాలు మానేసి, ఒళ్ళు చల్లబడినది. రక్తపరీక్షలో మామూలు మందులు వేటికీ లొంగని క్రిమి తేలినదని డాక్టర్ మునిచంద్ర గారు బుధవారం చెప్పియున్నారు. ఇప్పుడు ఆఖరి మందు ఎక్కిస్తున్నారు. దాన్ని బిడ్డ కిడ్నీలు తట్టుకోవాలట.

2. సదరు నర్సు చేతులు శుభ్రం చేసుకోకుండా ఒక బిడ్డను తాకి మరో బిడ్డను తాకుచున్నదనియు, పెద్దల పట్ల మర్యాద లేదనియు నా ఫిర్యాదులో వ్రాసితిని. దానిపై తమరు ఆమెను విచారణ ముగిసే వరకు వార్డు నుండి తప్పించినారు. మొదటి మాట నేను చూసి వ్రాసినది కాదు. రెండవ మాట సంగతి ఈ క్రింద మనవి చేయుచున్నాను.

3. పోయిన శనివారం అల్లుడు త్రివిక్రమ్ ఊళ్ళో లేనందున, బిడ్డను చూడడానికి నాకు పది నిమిషాలు అనుమతి దొరికినది. ఆసుపత్రి వెనుక రోగుల బంధువులు వాడే కుళాయి కింద తలస్నానం చేసి, తడిబట్టతో మడిగా వెళ్ళితిని. తలుపు దగ్గర లోహిత ఒక సీసా చూపి, చేతులకు రాసుకోమన్నది. వాసన చూస్తే సారా! నలభై ఏళ్ళుగా స్వామికి వండుతున్న చేతులకు సారా పూయమంటుందా అని నాకు ఒళ్ళు మండినది.

"నేను మడిలో ఉండానమ్మా. నీకంటే నేనే శుభ్రం," అన్నాను.

"మీ మడి దేవుడికి సామీ. ఈ బిడ్డలకు ఇదే మడి. పూసుకోకుంటే లోపలికి పంపేదానికి కాదు," అన్నది.

వార్డంతా వినబడేలా అరిచాను. అంతలో లోపల ఏదో గంట మోగితే ఆమె అటు పరుగెత్తింది.

4. తర్వాత చేసింది నా భార్య కోమలవల్లికి కూడా చెప్పలేదు. ఆ సందులో లోపలికి దూరి, గాజుపెట్టె కన్నంలో చేయి పెట్టి, వెంట తెచ్చుకున్న ఇత్తడి చెంబులోని తీర్థం ఒక చుక్క బిడ్డ పెదవులకు అద్దాను. మూడు రోజుల నాటి తీర్థం. కాన్పుల వార్డులో వకుళ మంచం కింద పెట్టి ఉంచినది. అంతకు ముందు ఆ చేత్తోనే మంచం పట్టీలు, కుళాయి, తలుపు గడియ అన్నీ పట్టుకున్నాను. బిడ్డ నాలుక కదిపింది. నాకెంత సంతోషమైందో చెప్పలేను. ఆ సంతోషంలో పక్కన నాలుగో పెట్టెలో ఏడుస్తున్న మగబిడ్డ తల కూడా నిమిరి ఆశీర్వదించి వచ్చాను. ఆ బిడ్డ కాణిపాకంలో టెంకాయల అంగడి పెట్టుకున్న మునిరత్నం కొడుకు. వాడికీ అదే క్రిమి.

5. బుధవారం డాక్టరు గారు నన్ను పక్కకు పిలిచి, "బయటి నుంచి ఏమన్నా తెచ్చి తాపించినారా సామీ? తిట్టేదానికి కాదు అడిగేది," అన్నారు. లేదన్నాను. మరునాడే నర్సు మీద వ్రాశాను. తప్పు ఎవరిదో ఒకరిది కావాలి, నాది కాకుంటే చాలు అనిపించింది. క్రిమి నా చేతి నుండి వచ్చిందో, ముందే ఆసుపత్రిలో ఉందో నాకు తెలియదు. కానీ నేను నోరు మూసుకుంటే వాళ్ళు ఎక్కడని వెతుకుతారు? అక్కడ ఇంకా తొమ్మిది మంది పసిబిడ్డలున్నారు.

కావున, చెంబును కడగకుండా గుడ్డలో కట్టి దీనితో జతపరచడమైనది. ఆ కుళాయి నీళ్ళు కూడా పరీక్ష చేయించవలెను. మా బిడ్డకు సూది పెట్టడానికి నరం లోహిత ఒక్కతెకే చప్పున దొరికేది. ఈ పొద్దు మూడు చోట్ల పొడిచారని వకుళ ఏడుస్తున్నది. ఆ అమ్మాయిని పిలిపించండి. నాపై ఏ చర్య తీసుకున్నా సమ్మతమే. ఆలస్యం చేయక చిత్తగించవలెను.

తమ విధేయుడు,
శఠగోపం

తా.క.: సంతకం పెట్టాక తెలిసింది. నాలుగో పెట్టె బిడ్డ పదకొండు గంటలకు పోయాడు. మునిరత్నం వచ్చి నా కాళ్ళకు మొక్కాడు. "మా మాదిరోళ్ళు సెప్తే ఎవురింటారు సామీ? మీరు రాసినారు గాబట్టి ఆ నర్సును తీసేసినారు. నా బిడ్డకు మీరొక్కరే న్యాయం చేసినారు," అన్నాడు. అయ్యా, ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఈ కాగితం తమ టేబుల్ మీద పెట్టి, నేరుగా ఆయన దగ్గరికే పోతున్నాను. ఆయన నన్ను కొడితే అడ్డం రావద్దని సెక్యూరిటీ వాళ్ళకు చెప్పండి.