ఖాళీగా ఉండాల్సిన గడి

స్పీడ్‌వే, ఇండియానా
జూన్ 11, శుక్రవారం

చిరంజీవి డెల్బర్ట్‌కు నానమ్మ దీవెనలు.

ఇక్కడ మేమందరం క్షేమం. నా ఎడమ మోకాలు ఒక్కటే ఈ మాటతో ఏకీభవించడం లేదు. నువ్వూ, నీ బండీ అక్కడ గీత పడకుండా ఉన్నారని తలుస్తాను. ఇద్దరిలో ఎవరికో ఒకరికి గీత పడక తప్పదంటే, మొహమాటపడకుండా బండినే ముందుకు తొయ్యి.

మిల్వాకీ నుంచి నువ్వు రాసిన ఉత్తరం మంగళవారం అందింది. రెండు పేజీలు, పదకొండు ప్రశ్నలు, మొత్తానికి ఒక్క కామా. ముప్ఫై ఎనిమిదేళ్ళు బడిలో లెక్కలూ వ్యాకరణమూ చెప్పినదాని మనవడివి. లెక్కలైనా అబ్బాయనుకుని ఊరుకుంటున్నాను.

విన్నీ ఎలా ఉందన్నావు, కులాసాగా ఉంది. ఆరో నెల నిండింది. ఊరవేసిన దోసకాయలు జాడీకి జాడీ ఖాళీ చేస్తోంది. నీ భార్యను మా ఇంట్లో ఉంచి వెళ్ళడం నాకు బరువేమో అని అడిగావు. అవును, బరువే, పొద్దున్నే లేచి పొయ్యి మీద కాఫీ పెట్టి, నా కంటే ముందు పేపరు చదివేసి, అందులో ఏముందో నాకు చెప్పేస్తోంది. ఇది తప్ప దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ట్రాక్ మీద ఎవరో బండి పరీక్షించుకుంటున్న చప్పుడు వినిపిస్తే లోపలి బిడ్డ తంతున్నాడట. అది ఆకలి అయ్యుంటుందని చెప్పి రొట్టె పెట్టాను. తన్నడం ఆగింది.

మీ నాన్న హార్లన్ షెడ్డులోనే కాపురం. ఆ ఇంజన్ని ఇప్పటికి మూడుసార్లు విప్పాడు. దోషం దానిదని కాదు, వేరే ఎవరినీ విప్పడానికి వీల్లేక.

ఇక ఉన్ని సంగతి. బిడ్డకు విన్నీ అల్లుతున్న టోపీ ఆకుపచ్చదా అని ఏకంగా కింద గీత గీసి మరీ అడిగావు. ఆకుపచ్చదే. పచ్చ బఠాణీ రంగు. కారు పందేల మనుషులకు ఆకుపచ్చంటే అరిష్టం, వేరుశెనగ తొక్కంటే అరిష్టం, బండ్లు ఆపి చక్రాలు మార్చుకునే పిట్‌లో ఆడమనిషి అడుగు పడితే మహా అరిష్టం. ముప్ఫై మూడు బండ్లు గంటకు నూట నలభై మైళ్ళతో ఒకదాని వెనక ఒకటి అంటుకుని, గోడ పక్కన నాలుగు గంటలు తిరగడం మాత్రం శుభకార్యం. పుట్టబోయేవాడు బండి నడపడు కాబట్టి వాడికి ఏ రంగైనా పరవాలేదని విన్నీ అంది. ఈ మాట నీకు రాయొద్దంది కూడా. అందుకే రాస్తున్నాను.

మిగతా ప్రశ్నలకు క్లుప్తంగా: కుక్క బాగుంది, టమాటా నారు బతికింది, అవును, కాదు, అవును, నాకు తెలియదు, ఆ మాట మీ నాన్నను అడుగు.

ఇవి పదయ్యాయి. పదకొండోది మిగిలింది.

నా లెక్క కాగితం పంపమన్నావు. నీ కోసం రెండు వందల చుట్లూ ఒక్కొక్కటిగా నేను గడుల్లో గుర్తు పెట్టిన కాగితం. నువ్వు పూర్తిగా రెండు వందలు తిరిగావనీ, పందెం వాళ్ళు నీకు నూట తొంభై తొమ్మిదే రాసి, ఆరో స్థానం లాక్కుని ఏడులో కూచోబెట్టారనీ, నా కాగితం చూపిస్తే అందరి నోళ్ళూ మూతపడతాయనీ రాశావు. “నానమ్మ ఒక్కతే లెక్క తప్పని మనిషి” అని రాశావు. ఆ వాక్యంలో ఒక్క తప్పూ లేదు, వ్యాకరణం వరకు.

ఆ కాగితం ఈ ఉత్తరంతోనే పెట్టాను. కానీ ఇది చదివాక గానీ దాన్ని తెరవకు. కూర్చుని చదువు. నిలబడి చదివే అలవాటు నీకు మీ తాత నుంచి వచ్చింది.

నువ్వు పేపరు వాళ్ళతో ఏమన్నావో నీకు గుర్తుండకపోవచ్చు. గ్రీజు చేతులు తుడుచుకుంటూ అనేసి వెళ్ళిపోయావు. వాళ్ళు మాత్రం మర్చిపోకుండా అచ్చు వేశారు: “నా చుట్లు రాసే ముసలాయన మధ్యాహ్నం ఎండకు కునుకు తీసుంటాడు.” పందెంలో ప్రతి బండికీ పందెం తరఫున ఒక మనిషి కూర్చుని చుట్లు రాస్తాడు కదా, నీ ముప్ఫై ఎనిమిదో నంబరు బండికి ఆ రోజు రాసింది ఎవరో తెలుసుకున్నావా? వర్జిల్ ఆస్ట్రాండర్. మా వీధి చివరి ఇల్లు. ప్రతి గురువారం సాయంత్రం మా వంటింట్లో పేకముక్కలు పట్టుకుని కూర్చునే మనిషి. చిన్నప్పుడు నీకు సైకిల్ గొలుసు ఎక్కించడం నేర్పిన మనిషి. రైల్వే తంతి ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు చుక్కలూ గీతలూ విన్నాడు. ఇరవై ఆరేళ్ళుగా ఆ ట్రాక్ మీద బండ్లు లెక్కపెడుతున్నాడు. అన్నం తినేటప్పుడు కూడా ముద్దలు లెక్కపెడతాడేమో అని నాకు అనుమానం.

నిన్న గురువారం. వచ్చాడు. టోపీ తీసి మేకుకు తగిలించాడు. పేకముక్కలు తీయబోతే వద్దన్నాడు. జేబులోంచి కాగితం తీసి నా ముందు పెట్టాడు. పందెం పెద్దలకు ఉత్తరం. వచ్చే ఏడాది నుంచి తనను ఆ కుర్చీలో కూర్చోబెట్టవద్దనీ, వయసు మీద పడిందనీ, చూపు మీద తనకే నమ్మకం పోయిందనీ, ఒక యువకుడి కష్టానికి తన వల్ల అన్యాయం జరిగి ఉండవచ్చనీ రాసుకున్నాడు. చక్కని దస్తూరీ. పంపే ముందు అచ్చుతప్పులేమైనా ఉంటే సరిదిద్దమన్నాడు. నేను పంతులమ్మని కదా.

“నిజంగా నిద్రపోయారా?” అని అడిగాను.

“పోలేదనే అనుకుంటున్నానండీ,” అన్నాడు. “కానీ నిద్రపోయినవాడికి పోయినట్టు తెలీదు కదా, ఆగస్టా గారూ. పది రోజుల్నించి అదే ఆలోచన. నిన్న కళ్ళ డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చాను.”

డాక్టరు ఏమన్నాడంటే, ఈ వయసుకు ఈ చూపు ఆశ్చర్యం అన్నాడట. ఆ మాట కూడా ఆయనకు నమ్మబుద్ధి కాలేదు. నువ్వు చెప్పావు కదా, పేపర్లో వచ్చింది కదా. పైగా నా కాగితంలో రెండు వందలు ఉన్నాయని వీధంతా అనుకుంటోంది. మా ఇద్దరిలో ఎవరు తప్పి ఉంటారన్నది ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తానే అని తేల్చుకున్నాడు.

నేను ఎర్ర పెన్సిలు తీసుకుని ఆ ఉత్తరం మీద ఈ మూల నుంచి ఆ మూలకు ఒకే గీత గీశాను. “ఒక్కటే తప్పు ఉందండీ. ఉత్తరం మొత్తం,” అన్నాను.

ఇప్పుడు చెబుతున్నాను, డెల్. ఆయనకు చెప్పిందే.

ఆడవాళ్ళం కాబట్టి మమ్మల్ని పిట్‌లోకి రానివ్వరు; నేనూ విన్నీ ఎదురుగా జనం కూర్చునే మెట్ల మీద, ఖాళీ అట్టపెట్టెలో వేయించిన కోడి పెట్టుకుని కూర్చున్నాం. పదేసి చుట్లకొకసారి నేను బడి పలక మీద అంకె రాసి ఎత్తి పట్టుకుంటే, ట్రాక్ అవతలి నుంచి మీ నాన్న దుర్భిణితో చూసి నీకు బోర్డు చూపిస్తాడు. ఇన్నేళ్ళుగా ఇదే పద్ధతి. పిట్‌లో వాళ్ళు చక్రాలు మార్చే హడావుడిలో లెక్క మర్చిపోతారు గానీ నేను మర్చిపోను. నీకు తెలియనిది ఒకటి ఉంది. విన్నీ ట్రాక్ వైపు చూడదు. పందెం మొదలైన క్షణం నుంచి నా చేతిలోని పెన్సిలునే చూస్తుంది. పెన్సిలు కదిలితే ఊపిరి వదులుతుంది. మళ్ళీ బిగబడుతుంది. నిమిషానికొకసారి, నాలుగు గంటలు.

నూట ముప్ఫై ఒకటో చుట్టులో అవతలి వైపు పొగ లేచింది. నల్ల పొగ. జనం లేచి నిలబడ్డారు. మెట్లన్నీ ఒక్కసారి నిశ్శబ్దమయ్యాయి. నీకు ఆ నిశ్శబ్దం తెలియదు, నువ్వెప్పుడూ దాని మధ్యలో ఉంటావు. ఒక్కొక్క బండీ నెమ్మదిగా రావడం మొదలైంది. నీ ముందున్నవాడు వచ్చాడు. నీ వెనకవాడు వచ్చాడు. నీ గడి ఖాళీగా ఉంది. నీ సమయం దాటిపోయింది. విన్నీ తల ఎత్తలేదు. నా పెన్సిలు మొననే చూస్తోంది. దాని చెయ్యి నా మోకాలి మీద ఉంది, ఈ ఎడమ మోకాలి మీదే.

నేను ఆ గడిలో గుర్తు పెట్టాను.

నువ్వు రాలేదు. పెట్టాను.

విన్నీ ఊపిరి వదిలింది. ఆ తర్వాత ముప్ఫై సెకన్లకో, నలభైకో, చక్రాలకు గడ్డి అంటుకుని, పగిలిన బండ్ల పక్క నుంచి పాక్కుంటూ నువ్వు వచ్చావు. నిన్ను చూసి పెన్సిలు మళ్ళీ కదిలింది, ఈసారి నూట ముప్ఫై రెండో గడిలో. దాన్ని అక్కడ ఆపాల్సింది. ఆపలేదు. తర్వాత గంటకు పైగా సమయం ఉంది తుడవడానికి. రబ్బరు నా ఒళ్ళోనే ఉంది. తుడిస్తే విన్నీ ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెప్పాల్సి వస్తుంది. చివరికి పలక మీద రెండు వందలని రాసి ఎత్తి పట్టుకున్నాను. మీ నాన్న నమ్మాడు. పందెం ముగిసిందని పక్క బండికి ఊపిన గళ్ళ జెండాను నువ్వు నీదే అనుకున్నావు. ఇంకొక్క చుట్టు మిగిలి ఉండగా వేగం తగ్గించుకుని పిట్‌లోకి తిరిగావు, ముగింపు గీతకు ఇంకా నలభై అడుగులుండగా మీ నాన్న పరిగెత్తుకొచ్చి బండి ఆపి నీ మెడ కావలించుకున్నాడు. ఈలోగా ఏడోవాడు నీ పక్క నుంచే వెళ్ళి ఆరోవాడయ్యాడు.

విన్నీ కోసం పెట్టానని చెప్పుకుంటే బాగుంటుంది. పది రోజులు అలాగే చెప్పుకున్నాను. నిజానికి ఆ ఖాళీ గడిని చూస్తూ కూర్చునే ధైర్యం నాకే లేకపోయింది. మీ తాత గనికి వెళ్ళి రాని రోజున కూడా నేను సాయంత్రం వరకు ఎవరికీ భోజనం ఆలస్యం చేయలేదు. అంత గట్టిదాన్ననుకున్నాను.

ఇదంతా ఆస్ట్రాండర్ గారికి చెప్పాను. ఆయన టేబుల్ క్లాత్ మీద గళ్ళు వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. తర్వాత మెల్లగా, “అయితే నేను నిద్రపోలేదు,” అన్నాడు. నా మీద కోపం రాలేదు. అది వచ్చుంటే నాకు తేలిగ్గా ఉండేది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, రెండుసార్లు.

వాకిట్లోంచి మాట వినిపించింది. దోసకాయ జాడీ పట్టుకుని విన్నీ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు.

“నాకు తెలుసు నానమ్మా,” అంది. “మా ఆయన ఇంజన్ చప్పుడు నాకు తెలీదా? చప్పుడు లేకుండానే మీ పెన్సిలు కదిలింది.”

మరి అడగలేదేం అన్నాను.

“అడిగితే మీరు తుడిచేస్తారు కదా,” అంది.

ఈ మాట తర్వాత ముగ్గురం పేకాట ఆడాం. నేను ఓడిపోయాను, అలా ఓడిపోవడం మర్యాద అనిపించింది.

ఇక జరిగింది, జరగబోయేది. ఈ పొద్దున పేపరు ఆఫీసుకు వెళ్ళి నేను నా పేరుతో ఉత్తరం రాసి ఇచ్చాను: లెక్క తప్పింది ఆస్ట్రాండర్ గారు కాదు, డెల్బర్ట్ నానమ్మ అని. ఆదివారం అచ్చవుతుందన్నారు. పంతులమ్మ లెక్క తప్పడం వాళ్ళకు మంచి వార్త. అది నీ చెవిన వేరేవాళ్ళ ద్వారా పడకూడదని ముందు నీకు రాస్తున్నాను. మీ నాన్నకు మధ్యాహ్నం షెడ్డులోకి వెళ్ళి చెప్పాను. ఇంజన్ బిగించడం మొదలుపెట్టాడు.

నువ్వు ఆస్ట్రాండర్ గారికి ఉత్తరం రాయి. నీ చేత్తో, నాకు రాసినట్టు బీరు కంపెనీ కాగితం మీద కాకుండా మంచి కాగితం మీద. క్షమాపణ అనే మాట అందులో ఉండాలి. వివరణలు అక్కర్లేదు. కామాలు వాడు.

నీ స్థానం నా వల్ల పోయింది. దాన్ని తిరిగి తేలేను, కోపం వస్తే రానీ. వచ్చినట్టు రాయి, చదువుతాను. కానీ నేను ఆ కాగితం మీద నూట ముప్ఫై ఒకటో గడి చుట్టూ ఎర్ర పెన్సిలుతో గీశాను. దాన్ని చూసినప్పుడు ఒక్క సంగతి అర్థం చేసుకో. నువ్వు ఆరో, ఏడో అన్నది ఆ రోజు మెట్ల మీద ఇద్దరు ఆడవాళ్ళకు పట్టలేదు. నువ్వు వచ్చావా లేదా అన్నదొక్కటే మా లెక్క. అది మాత్రం నేను తప్పలేదు, కాస్త ముందుగా రాశాను, అంతే.

లాంగ్‌హార్న్‌లో ఇరవయ్యో తేదీన పందెమట. అక్కడ నీ చుట్లు వేరేవాళ్ళు రాసుకోనీ. ఏడోవాడివిగానే ఇంటికి రా.

ఇట్లు,
ముందుగా గుర్తు పెట్టేసిన
మీ నానమ్మ ఆగస్టా