ఈస్టర్ వేకువ నీళ్ళు

తమ్ముడు ఆన్స్‌గార్‌కు,

ఈస్టర్ నాడు ఇంకా తెల్లవారకముందే నేనూ చెల్లి వీబ్కే కూజా పట్టుకుని వాగుకు వెళ్ళాం. ఆ నీళ్ళతో ముఖం కడుక్కుంటే మంచం దిగుతానని అమ్మ ఆశ. ఇల్లు చేరేలోగా ఒక్క మాట దొర్లినా వాటి గుణం పోతుంది కదా. తిరిగొస్తుంటే వంతెన మీద మన పక్కింటి కుర్రాడు డెట్లెఫ్, "ఏం అక్కలూ, నోళ్ళు ఇంట్లో మరచిపోయారా?" అన్నాడు.

"ఊరికంతా నీ నోరొక్కటి చాల్లేరా," అనేసింది వీబ్కే.

"దారిలో మాట్లాడలేదుగా?" అని అమ్మ అడిగితే లేదని తల ఊపాను. ఆమె ముఖం కడుక్కుని నవ్వింది. అప్పటినుంచి ప్రార్థనలో నా మనసు నిలవడం లేదు.

అవి క్రీస్తుకు ముందటి ఏదో దేవత నీళ్ళు కావచ్చని పాస్టరువి కదా, నువ్వు చర్చిలో చెబుతుంటావు. కావచ్చు. సాయంత్రం అమ్మ నిద్రపోయాక ఇంట్లో మిగతా అందరం కూర్చుని అనుకున్నాం. వీబ్కే మాట్లాడిన సంగతి మేం అమ్మకు చెప్పం. వచ్చే ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు అమ్మ ముందు ఆ దేవత సంగతి నువ్వూ ఎత్తకు.

నీ పెద్దక్క